జీతం తీసుకోని గోల్‌కీపర్: జాక్ హార్క్‌నెస్, 1928 వెంబ్లీ, స్కాట్లండ్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ లెక్క

ఆండీ రాబర్ట్‌సన్ సారథ్యంలో స్కాట్లండ్ 28 ఏళ్ల తర్వాత, 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించినప్పటి నుంచి అతని పాత కథ మళ్లీ అందరి నోళ్లలో నానుతోంది. 2012లో అతను గ్లాస్గోలోని క్వీన్స్ పార్క్ క్లబ్బుకు ఆడేవాడు. జీతం లేదు. ఖర్చులకోసం హాంప్డెన్ స్టేడియంలో ఫోన్లు ఎత్తే పని చేసేవాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే లివర్‌పూల్ చొక్కా తొడుక్కున్నాడు. ఇది విన్నవాళ్లకు సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. అమెచ్యూర్ క్లబ్ అంటే సెలవురోజు సరదాగా ఆడుకునేవాళ్లదే కదా, అలాంటి చోటు నుంచి ఇంత ఆటగాడు ఎలా వస్తాడు?

సందేహం న్యాయమైనదే, కాకపోతే అమెచ్యూర్ అన్న మాటకు మనం చెప్పుకునే అర్థంలో చిక్కుంది. ఆ చిక్కు విప్పడానికి రాబర్ట్‌సన్ కంటే పనికొచ్చే మనిషి అతనికి 84 ఏళ్ల ముందువాడు. పేరు జాక్ హార్క్‌నెస్. గోల్‌కీపర్. 1907 సెప్టెంబరులో గ్లాస్గోలో పుట్టాడు. 20 ఏళ్ల వయసులో, చేతికి ఒక్క పైసా జీతం లేకుండా, స్కాట్లండ్ ఫుట్‌బాల్ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునే ఆటలో గోల్ కాపలా కాశాడు. ఆ వేసవిలోనే అమెచ్యూర్ జీవితానికి వీడ్కోలు పలికాడు.

అమెచ్యూర్ అంటే ఏమిటి, ఏమి కాదు

మన భాషలో దీనికి ‘ఔత్సాహిక’ అన్న మాట ఉంది. నాటకాల పుణ్యమా అని ఆ మాట మనకు బాగా పరిచయం. సురభి కుటుంబాలకు నాటకమే జీవిక. పరిషత్తు పోటీలకు వచ్చే ఔత్సాహిక సమాజాల్లో బ్యాంకు గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, బడి పంతుళ్లు ఉంటారు. పగలు ఉద్యోగం, సాయంత్రం రిహార్సలు. అంతమాత్రాన పరిషత్తు నటుడు తక్కువ నటుడని ఎవరూ అనరు. తేడా ప్రతిభలో లేదు, పొట్టకూడు ఎక్కడి నుంచి వస్తుందన్న దాంట్లో ఉంది.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్ ఫుట్‌బాల్‌లోనూ అంతే. అమెచ్యూర్ అన్నది నైపుణ్యానికి కొలత కాదు, రిజిస్ట్రేషన్ కాగితం మీద రాసే హోదా. అమెచ్యూర్‌గా నమోదైన ఆటగాడికి రైలు చార్జీలు, బస, భోజనం ఇవ్వొచ్చు. ఆడినందుకు డబ్బు మాత్రం ఇవ్వకూడదు. ప్రొఫెషనల్‌గా నమోదైనవాడికి క్లబ్బు వారం వారం జీతమిస్తుంది. ఈ రెంటికీ నడుమ పార్ట్‌టైమ్ ప్రొఫెషనల్ అని ఇంకొకడుంటాడు. ఇతను వేరే ఉద్యోగం చేసుకుంటూనే క్లబ్బు దగ్గరా డబ్బు తీసుకుంటాడు.

స్కాట్లండ్‌లో ఇంకో మాట కూడా తికమక పెడుతుంది. అక్కడ ‘జూనియర్’ ఫుట్‌బాల్ అంటే పిల్లల ఆట కాదు. సీనియర్ లీగుకు కింద, తన సొంత సంఘంతో, తన సొంత కప్పుతో నడిచే పెద్దవాళ్ల అంచె అది. జూనియర్ క్లబ్బుల్లో ఆటగాళ్లకు ఎంతో కొంత డబ్బు ముట్టేది. అంటే కింది అంచెలో ఆడే బొగ్గుగని కార్మికుడు డబ్బు తీసుకుంటుండగా, పై అంచెలో గ్లాస్గో పెద్ద క్లబ్బులైన రేంజర్స్‌తో, సెల్టిక్‌తో తలపడే క్వీన్స్ పార్క్ ఆటగాడు ఉత్త చేతులతో ఇంటికి వెళ్లేవాడు. మన ఊహకు ఇది పూర్తిగా తలకిందులు.

ఉత్త చేతుల ఆటగాళ్లు, లక్ష మంది పట్టే మైదానం

క్వీన్స్ పార్క్ 1867లో పుట్టింది. స్కాట్లండ్‌లో మొట్టమొదటి ఫుట్‌బాల్ క్లబ్. 1872 నవంబరు 30న గ్లాస్గో పార్టిక్‌లోని క్రికెట్ మైదానంలో స్కాట్లండ్, ఇంగ్లండ్ తొలి అంతర్జాతీయ ఆట ఆడాయి, 0-0తో ముగిసింది. ఆ రోజు స్కాట్లండ్ తరఫున దిగిన పదకొండు మందీ ఈ ఒక్క క్లబ్బు వాళ్లే. 1893 నాటికి స్కాటిష్ కప్పును పదిసార్లు గెలుచుకుంది. సరిగ్గా అదే ఏడాది స్కాట్లండ్‌లో ఆటగాడికి జీతమివ్వడం చట్టబద్ధమైంది. ఇంగ్లండ్‌లో అది 1885లోనే జరిగిపోయింది. అందరూ జీతాల బాట పట్టినా క్వీన్స్ పార్క్ మాత్రం పట్టలేదు. ఆ క్లబ్బు నినాదం లాటిన్‌లో ‘లూడేరే కౌసా లూడెండి’. ఆడటం కోసమే ఆడాలి అని దాని అర్థం. ఆ తర్వాత మళ్లీ ఆ కప్పు దాని చేతికి రాలేదు.

కానీ ఓడిపోయి మూలన కూర్చోలేదు. 1900లో స్కాటిష్ లీగులో చేరింది. 1903లో హాంప్డెన్ పార్క్ పేరుతో కొత్త మైదానం కట్టుకుంది. 1950లో బ్రెజిల్ మరకానా తెరుచుకునే దాకా ప్రపంచంలో అంత పెద్ద ఫుట్‌బాల్ మైదానం లేదు. 1937 ఏప్రిల్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆటకు అక్కడ అధికారిక లెక్క ప్రకారం 1,49,415 మంది వచ్చారు. లీగు ఆటలకు కొన్ని వేల మందే వచ్చినా, దేశమంతా ఎదురుచూసే ఆటలు, కప్పు ఫైనళ్లు అక్కడే జరిగేవి. ప్రపంచంలోకెల్లా పెద్ద మైదానానికి యజమాని, జీతాలివ్వని క్లబ్బు. ఈ ఒక్క వైరుధ్యం మనసులో ఉంచుకుంటే మిగతా వాదనలన్నీ సులువుగా అర్థమవుతాయి.

1928 మార్చి 31: ఇరవై రెండు మందిలో ఒక్కడు

హార్క్‌నెస్ 1925లో క్వీన్స్ పార్క్‌లో చేరాడు. 1927 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ మీద తొలిసారి జాతీయ జట్టుకు దిగాడు. వయసు 19. వేదిక హాంప్డెన్, అంటే తన సొంత క్లబ్ మైదానమే. లక్షకు పైగా జనం. స్కాట్లండ్ 2-1తో ఓడింది. ఆ రెండు గోల్సూ కొట్టింది డిక్సీ డీన్. సొంత గడ్డ మీద ఇంగ్లండ్ చేతిలో ఓడటం స్కాట్లండ్‌కు 1904 తర్వాత అదే మొదటిసారి. 19 ఏళ్ల గోల్‌కీపర్‌ను పక్కన పెట్టడానికి అంతకంటే మంచి సాకు ఉండదు. అయినా సెలెక్టర్లు మరుసటి ఏడు ఇంగ్లండ్ మీద ఆటకు, లండన్‌లోని వెంబ్లీ మైదానానికి మళ్లీ అతన్నే పంపారు.

ఆ జట్టు కూర్పు చూస్తే ఆ కాలపు ఫుట్‌బాల్ ఆర్థిక వ్యవస్థంతా ఒక్క కాగితం మీద కనిపిస్తుంది. పదకొండు మందిలో ఎనిమిది మంది ఇంగ్లండ్, వేల్స్ క్లబ్బులకు జీతానికి ఆడేవాళ్లు. హడర్స్‌ఫీల్డ్ నుంచి అలెక్స్ జాక్సన్, న్యూకాజిల్ నుంచి హ్యూయీ గలాహర్, ప్రెస్టన్ నుంచి అలెక్స్ జేమ్స్, మాంచెస్టర్ సిటీ నుంచి కెప్టెన్ జిమ్మీ మెక్‌ముల్లన్ అలా వచ్చినవాళ్లే. స్కాట్లండ్ క్లబ్బుల నుంచి వచ్చింది ముగ్గురే: హిబర్నియన్ ఆటగాడు జిమ్మీ డన్, రేంజర్స్ వింగర్ అలన్ మోర్టన్, క్వీన్స్ పార్క్ హార్క్‌నెస్. రెండు జట్లలో కలిపి మైదానంలో ఉన్న 22 మందిలో అమెచ్యూర్ అతనొక్కడే.

స్కాట్లండ్ ముందువరుస ఐదుగురిలో అందరికంటే పొడగరి జాక్సన్. అతనే 5 అడుగుల 7 అంగుళాలు. ముందు రాత్రి మెక్‌ముల్లన్ జట్టుకు పెద్ద వ్యూహమేమీ చెప్పలేదట, వెళ్లి పడుకోండి, వాన పడాలని మొక్కుకోండి అన్నాడట. వాన పడింది. తడి నేల మీద పొట్టివాళ్ల చిన్న చిన్న పాసులు జారుకుంటూ పోతాయి, భారీ డిఫెండర్లు తిరగలేక తడబడతారు.

అయితే గోల్‌కీపర్‌కు వాన వరం కాదు. ఆనాటి బంతి తోలుది, దాన్ని తాడుతో బిగించి కుట్టేవారు. నిబంధన ప్రకారం ఆట మొదట్లో 13 నుంచి 15 ఔన్సులుండాలి, అంటే ఇంచుమించు 370 నుంచి 425 గ్రాములు. తడిసేకొద్దీ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పైన సబ్బు రాసినట్టు జారుతుంది. గోల్‌కీపర్ ఒంటి మీదున్న ఉన్ని చొక్కా కూడా నీళ్లు తాగి వేలాడుతుంది. తొలి నిమిషంలోనే ఇంగ్లండ్ వింగర్ బిల్లీ స్మిత్ కొట్టిన బంతి హార్క్‌నెస్ గోల్‌పోస్టుకు తగిలి వెనక్కి వచ్చింది. అది కాస్త లోపలికి పడుంటే ఈ వ్యాసం ఉండేది కాదేమో. మరో రెండు నిమిషాల్లోపే ఎడమవైపు నుంచి మోర్టన్ పంపిన బంతికి జాక్సన్ తల తగిలించాడు. 1-0. ఆట ముగిసేసరికి 5-1. జాక్సన్‌వి మూడు, జేమ్స్‌వి రెండు. ఆ జట్టుకు ‘వెంబ్లీ విజార్డ్స్’, అంటే వెంబ్లీ మాంత్రికులు, అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ విజయానికి పదిమందికి ప్రతిఫలం దక్కింది. పదకొండోవాడికి చార్జీలు దక్కాయి.

ఒక లెక్క వేద్దాం: ఆటకు వెళ్తే ఎంత పోతుంది?

‘జీతం లేదు’ అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. అసలు ప్రశ్న, ఆడటానికి వెళ్లిన సమయానికి ఎవరు మూల్యం చెల్లిస్తారు అన్నది. దీన్ని ఆ రోజుల్లో ‘బ్రోకెన్ టైమ్’ అనేవారు. ఆటకోసం పని మానేసినప్పుడు తెగిపోయే కూలి అన్నమాట. క్లబ్బు అమెచ్యూర్‌కు రైలు టికెట్ కొనివ్వొచ్చు, ఈ తెగిన కూలి మాత్రం ఇవ్వకూడదు. బ్రిటిష్ ఫుట్‌బాల్ సంఘాలు దీని మీద పట్టు విడవలేదు.

ఇప్పుడు ఊహకు ఒక మనిషిని తీసుకుందాం. గ్లాస్గోలో క్లైడ్ నది ఒడ్డున నౌకా కర్మాగారంలో పనిచేసే కుర్రాడు. 1919లో అక్కడ వారానికి 47 గంటల పని ఖరారైంది. (40 గంటలు కావాలని ఆ ఏడు జనవరిలో కార్మికులు సమ్మె కట్టారు, జార్జ్ స్క్వేర్‌లో పోలీసులతో ఘర్షణ కూడా జరిగింది, అయినా 47 దగ్గరే ఆగింది.) సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు ఎనిమిదిన్నర గంటలు, శనివారం పొద్దున నాలుగున్నర గంటలు అనుకుంటే 47 సరిపోతుంది. వారం కూలి 3 పౌండ్లు అనుకుందాం. పౌండుకు 20 షిల్లింగులు (షిల్లింగుకు 12 పెన్నీలు) కనుక 60 షిల్లింగులు. ఈ అంకె లెక్క కోసం మనం పెట్టుకున్నదే.

సొంత ఊళ్లో ఆటైతే చిక్కు లేదు. మధ్యాహ్నం పని దిగి, మూడింటికి మైదానంలో ఉంటాడు. గ్లాస్గోలోనే బోలెడు క్లబ్బులున్నాయి కనుక బయటి ఆటల్లో కూడా చాలావాటికి ట్రాములో వెళ్లొచ్చు. అబర్డీన్‌కో, డండీకో వెళ్లాలంటే మాత్రం పొద్దున్నే రైలెక్కాలి. శనివారం పూట పోయినట్టే. గంటకు సుమారు 1.28 షిల్లింగులు చొప్పున, నాలుగున్నర గంటలకు పోయేది ఇంచుమించు 5 షిల్లింగుల 9 పెన్నీలు.

1927-28లో ఫస్ట్ డివిజన్‌లో 20 క్లబ్బులు, ఒక్కో క్లబ్బుకు 38 ఆటలు, వాటిలో 19 బయట. దూర ప్రయాణాలు ఎనిమిదే అనుకున్నా 46 షిల్లింగులు ఎగిరిపోతాయి. దానికి వెంబ్లీ కలపండి. శుక్రవారం పూర్తిగా, శనివారం పూట, వెరసి 13 గంటలు, దాదాపు 16 షిల్లింగుల 7 పెన్నీలు. అన్నీ కూడితే 62 షిల్లింగులు దాటింది. ఏడాదిలో ఒక వారం కూలికి పైగా, క్లబ్బు కోసం, దేశం కోసం ఆడినందుకు ఎదురు చెల్లించినట్టయింది.

అదే కుర్రాడు న్యాయవాది ఆఫీసులో నెల జీతం మీద పనిచేసే గుమాస్తా అయితే? యజమానికి ఫుట్‌బాల్ పిచ్చి ఉంటే ఒక్క పెన్నీ తెగదు, పైపెచ్చు ఆఫీసులో గొప్ప. విద్యార్థి అయితే అసలు తెగడానికి కూలే లేదు. నిబంధన పుస్తకంలో ఎక్కడా ‘కార్మికులు వద్దు’ అని రాసి ఉండదు. కానీ ఆ ఒక్క వాక్యం, తెగిన కూలి ఇవ్వరాదన్న వాక్యం, జల్లెడలా పనిచేస్తుంది. నా ఉద్దేశంలో అమెచ్యూర్ వ్యవస్థ గురించి అర్థం చేసుకోవాల్సిన వాటిలో మొట్టమొదటిది ఇదే.

ఇక బల్లకు అవతలి వైపు చూద్దాం. ఇంగ్లండ్ లీగులో 1922 నుంచి జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6. అందరికీ అంత వచ్చేది కాదు, అది పైకప్పు మాత్రమే. అయినా 8 పౌండ్లంటే 160 షిల్లింగులు, మన నౌకా కార్మికుడి కూలికి రెండున్నర రెట్ల పైమాటే. స్కాట్లండ్‌లో అలాంటి పైకప్పు లేదు, ఎంతివ్వాలో క్లబ్బు స్తోమతను బట్టి ఉండేది.

1928 వేసవిలో హార్క్‌నెస్ ఎడిన్‌బరోకు చెందిన హార్ట్స్ క్లబ్బుతో ప్రొఫెషనల్‌గా సంతకం చేశాడు. ఇరవై ఏళ్లవాడు, దేశానికి గోల్‌కీపర్, వెంబ్లీ తర్వాత ఇంటింటా తెలిసిన పేరు. అతని మనసులో ఏముందో ఊహించడం కంటే, పై లెక్కను అతని ముందు పెట్టుకుని చూస్తే చాలు.

కట్టుబడినవాడెవరు, స్వేచ్ఛ ఉన్నవాడెవరు?

ఇక్కడివరకు చదివితే అమెచ్యూర్ దోపిడీకి గురైనవాడు, ప్రొఫెషనల్ సుఖపడినవాడు అనిపిస్తుంది. అంత తేలిగ్గా తేలదు.

ఆనాటి ప్రొఫెషనల్ రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలో ఉండేది. సీజన్ అయిపోయినా, ఒప్పందం ముగిసినా, క్లబ్బు వదిలితేనే అతను ఇంకో లీగు క్లబ్బుకు వెళ్లగలడు. క్లబ్బులు అతన్ని కొంటాయి, అమ్ముతాయి. గలాహర్ కోసం 1925లో న్యూకాజిల్ 6,500 పౌండ్లు పెట్టింది. 1928 అక్టోబరులో డేవిడ్ జాక్ కోసం ఆర్సెనల్ 10,890 పౌండ్లు పోసింది. ఈ డబ్బంతా ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు పోతుంది. ఆటగాడికి మాత్రం అదే ఎనిమిది పౌండ్లు.

అమెచ్యూర్‌ను ఎవరూ కొనలేరు, ఎందుకంటే అతన్ని ఎవరూ కట్టేయలేదు. సీజన్ ముగియగానే తన దారి తనది. కాబట్టి వెంబ్లీ గోల్‌కీపర్ కోసం క్వీన్స్ పార్క్‌కు రుసుము ముట్టలేదు. అప్పట్లో మైదానం ప్రవేశం మనిషికి ఒక షిల్లింగు అనుకుంటే, లక్ష మంది వస్తే వసూలు 5,000 పౌండ్లు. డేవిడ్ జాక్ ధర అలాంటి రెండు ఆటల పూర్తి వసూళ్లకు మించింది. అదే మార్కెట్లో హార్క్‌నెస్ ధర సున్నా. ఆ ఏడాది ఇద్దరూ క్లబ్బులు మారారు. తమ జీవితం మీద తమకే హక్కున్నది ఆ ఇద్దరిలో ధర సున్నా ఉన్నవాడికి.

అయితే దెబ్బ తగిలితే లెక్క మళ్లీ తిరగబడుతుంది. 1910లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు మీద వాకర్ అనే ఆటగాడి కేసులో ఇంగ్లండ్ న్యాయస్థానం ఒక సంగతి తేల్చింది. ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ కూడా కార్మికుడే, పనిలో గాయపడితే పరిహార చట్టం అతనికీ వర్తిస్తుంది అని. కూలి ఒప్పందమే లేని అమెచ్యూర్ కార్మికుడు ఎలా అవుతాడు? గోల్‌కీపర్‌కు ఇది చిన్న విషయం కాదు. హార్క్‌నెస్‌తో జాతీయ జట్టు స్థానానికి పోటీపడ్డ సెల్టిక్ గోల్‌కీపర్ జాన్ థామ్సన్ ఒకప్పుడు ఫైఫ్ బొగ్గుగనుల్లో పనిచేసినవాడు. 1931 సెప్టెంబరు 5న రేంజర్స్ మైదానం ఐబ్రాక్స్‌లో ఆ క్లబ్బు ఫార్వర్డ్ కాళ్ల దగ్గరకు దూకి తలకు దెబ్బ తగిలి, ఆ రాత్రే చనిపోయాడు. వయసు 22.

ప్రొఫెషనల్ లోకంలోనూ దొడ్డిదారులున్నాయి. అలెక్స్ జేమ్స్ 1929లో ఆర్సెనల్‌కు వెళ్లినప్పుడు గరిష్ఠ జీతం నిబంధన అడ్డొచ్చింది. లండన్‌లోని సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో క్రీడా సామగ్రి విభాగంలో అతనికి ఒక ఉద్యోగం దొరికింది. ఫుట్‌బాల్ జీతం నిబంధన ప్రకారమే, మిగతాది దుకాణం జీతం. కాగితం మీద హోదా ఒకటి, చేతికందేది ఒకటి కావడం అమెచ్యూర్లకే పరిమితమైన జబ్బు కాదు.

ఒకే మెట్టు మీద నుంచి మూడు దారులు

ఇదే క్వీన్స్ పార్క్ నుంచి వచ్చి మూడు రకాలుగా బతికినవాళ్లను పక్కపక్కన పెడితే బొమ్మ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

అలన్ మోర్టన్ 1913లో అక్కడ చేరాడు, ఏడేళ్లు అమెచ్యూర్‌గా ఆడాడు. చదివింది మైనింగ్ ఇంజనీరింగ్. 1920లో రేంజర్స్‌కు వెళ్లాడు. కొత్త మేనేజర్ బిల్ స్ట్రూత్ కుదుర్చుకున్న తొలి ఆటగాడు అతనే. వెళ్లాక కూడా ఇంజనీరు ఉద్యోగం మానలేదు. 5 అడుగుల 4 అంగుళాల మనిషి. చిన్నప్పుడు ఇంట్లో బొగ్గు కొట్టు తలుపుకున్న కన్నంలోంచి బంతిని గురిచూసి పంపుతూ సాధన చేసేవాడని చెబుతారు. 31 సార్లు దేశానికి ఆడాడు, ఆ తర్వాత రేంజర్స్ డైరెక్టరయ్యాడు. చేతిలో చదువు, జేబులో ఫుట్‌బాల్ డబ్బు. రెండు పడవల మీదా కాళ్లు పెట్టి మునగకుండా వెళ్లిన అరుదైన మనిషి.

హార్క్‌నెస్ రెండో దారి. పూర్తిగా ప్రొఫెషనల్ అయ్యాడు. మొత్తం 12 సార్లు జాతీయ జట్టు గోల్ కాశాడు. ఆట మానేశాక సండే పోస్ట్ పత్రికలో క్రీడా రచయితగా స్థిరపడ్డాడు. మైదానంలో తాను చూసిన ఆటను వారం వారం పాఠకులకు చెప్పి, 1985లో కన్నుమూశాడు.

మూడో దారి బాబ్ గిలెస్పీది. అతను క్వీన్స్ పార్క్ విడవలేదు. 1933 ఏప్రిల్ 1న హాంప్డెన్‌లో, లక్షా ముప్పై వేలకు పైగా జనం ముందు, ఇంగ్లండ్ మీద స్కాట్లండ్‌కు కెప్టెన్‌గా నడిచొచ్చాడు. అతని వెనక నడిచినవాళ్లలో ఒక్క జిమ్మీ క్రాఫర్డ్ తప్ప అందరూ జీతగాళ్లే. క్రాఫర్డ్‌ది కూడా క్వీన్స్ పార్కే. జిమ్మీ మెక్‌గ్రోరీ రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిపించాడు. ‘హాంప్డెన్ రోర్’, అంటే హాంప్డెన్ గర్జన, ఆ రోజు లేచిన కేకతోనే మొదలైందని కొందరంటారు. జీతం తీసుకునే అంతర్జాతీయ ఆటగాళ్లకు జీతం తీసుకోనివాడు సారథ్యం వహించడం, అతని మాటను వాళ్లు మన్నించడం. ఈ దృశ్యం గురించి ఎప్పుడు చదివినా నాకు గుండె నిండుతుంది.

ఒకే నినాదం మీద రెండు తీర్పులు

క్వీన్స్ పార్క్‌ను సమర్థించేవాళ్ల వాదన ఇలా ఉంటుంది. డబ్బు వచ్చాక ఆటగాడు సరుకవుతాడు, క్లబ్బు దుకాణమవుతుంది. మైదానం మీద వచ్చిన ఆదాయాన్ని ఈ క్లబ్బు ఎవరికీ లాభంగా పంచలేదు, దేశానికి హాంప్డెన్‌ను కట్టి నిలిపింది. ఆటగాడికి ఉద్యోగం వేరే ఉంది కనుక ముప్పై ఐదేళ్లకు వీధిన పడడు. సీజన్ కాగానే వెళ్లిపోయే హక్కు అతనికుంది. ఇష్టం లేకపోతే ఒక్కరోజు కూడా ఉండనక్కర్లేదు.

ఒప్పుకోనివాళ్లు హాంప్డెన్ గేటునే చూపిస్తారు. లక్ష షిల్లింగులు లెక్కపెట్టే చోట పదకొండు మందికి మాత్రం సూత్రాలు గుర్తుచేయడం ఏం ధర్మం? తెగిన కూలి కూడా ఇవ్వనన్నాక, ‘ఆట కోసమే ఆట’ అనగలిగేది ఎవరు, తిండికి ఇబ్బంది లేనివాడే కదా అంటారు. ఇంకో ఆరోపణ కూడా వినిపించేది, ఖర్చుల ముసుగులో కొన్నిచోట్ల డబ్బు చేతులు మారేదని. బ్రిటన్‌లో అమెచ్యూర్ ఆట సాగినంతకాలం ఈ అనుమానం దాన్ని వదల్లేదు.

నాకు రెండు వాదనల్లోనూ నిజం కనిపిస్తుంది, కాకపోతే అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది క్లబ్బు ఎలా బతకాలి అన్నదానికి. రెండోది ఆ క్లబ్బులో ఎవరు ఆడగలరు అన్నదానికి.

ఈ తగవు గ్లాస్గోలో ఆగలేదు. ఒలింపిక్స్‌లో ఆడే ఫుట్‌బాలర్లకు తెగిన కూలి చెల్లించొచ్చా అన్న ప్రశ్న మీద 1928 ఫిబ్రవరిలో నాలుగు బ్రిటిష్ సంఘాలూ ఫిఫా నుంచి బయటికొచ్చేశాయి. 1946 దాకా తిరిగి చేరలేదు. 1930, 34, 38 ప్రపంచ కప్పుల్లో స్కాట్లండ్ లేకపోవడానికి కారణం అదే. వెంబ్లీలో 5-1 కొట్టిన తరం ఆటగాళ్లు ప్రపంచ కప్ ఎలా ఉంటుందో చూడలేదు. తేదీలు చూడండి, ఫిఫాను వదిలింది ఫిబ్రవరిలో, వెంబ్లీ ఆట మార్చిలో. అమెచ్యూర్ కూలి తెగిన శనివారాలకు, స్కాట్లండ్ ఆడని ప్రపంచ కప్పులకు మూలం ఒక్కటే నిబంధన.

ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే అమెచ్యూరే అయి ఉండాలి కనుక, 1936 బెర్లిన్‌కు వెళ్లిన బ్రిటన్ జట్టులో క్వీన్స్ పార్క్ వాళ్లకు చోటు దొరికింది. చైనా మీద 2-0 విజయంలో తొలి గోల్ ఆ క్లబ్బు ఆటగాడు మ్యాక్ డాడ్స్‌దే. తర్వాతి ఆటలో పోలండ్ చేతిలో 5-4తో ఓడి తిరిగొచ్చారు.

అదే ఏడాది కలకత్తా నుంచి ఒకరు

ఆ 1936లోనే గ్లాస్గోకు మనవైపు నుంచి ఒక అమెచ్యూర్ వెళ్లాడు. కలకత్తా మొహమెడన్ స్పోర్టింగ్ వింగర్ మొహమ్మద్ సలీం. బూట్లు లేకుండా ఆడటమే అతనికి అలవాటు. సెల్టిక్ మేనేజర్ విలీ మేలీ అతన్ని పరీక్షించి రిజర్వ్ జట్టులో దింపాడు. పాదాలకు గుడ్డ పట్టీలు చుట్టుకుని, బూట్లు తొడిగిన డిఫెండర్ల మధ్య రెండు ఆటలాడి జనాన్ని ముగ్ధుల్ని చేశాడు. ఉండమన్నారు. ఇంటి మీద బెంగతో తిరిగొచ్చేశాడు. ఎవరూ ఆపడానికి లేదు, కాగితం మీద అతన్ని కట్టేసినదేమీ లేదు కనుక.

మన ఫుట్‌బాల్‌కూ ఈ హోదా గొడవ కొత్తేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. వాళ్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఆటగాళ్లు కాగితం మీద అమెచ్యూర్లే, ఇల్లు గడిచేది పోలీసు కొలువుతో. తెగిన కూలి సమస్యకు గ్లాస్గో దగ్గర లేని పరిష్కారం హైదరాబాద్‌ దగ్గర ఉంది: ఉద్యోగమిచ్చినవాడే ఆటకూ పంపుతాడు.

2019లో ఆ క్లబ్బు వేసిన ఓటు

క్వీన్స్ పార్క్ ఈ పద్ధతిని 152 ఏళ్లు నిలబెట్టుకుంది. అలెక్స్ ఫెర్గుసన్ కూడా 1950ల చివర్లో పనిముట్ల తయారీ అప్రెంటిస్‌గా ఉంటూ అక్కడ అమెచ్యూర్‌గానే మొదలుపెట్టాడు. చివరికి 2019 నవంబరులో సభ్యులు ఓటేసి అమెచ్యూర్ హోదాను వదులుకున్నారు. ముందుకు తెచ్చిన కారణం హార్క్‌నెస్ కాలం నాటిదే. తాము తీర్చిదిద్దిన కుర్రాళ్లను పెద్ద క్లబ్బులు ఉత్తినే ఎత్తుకుపోతుంటే ఆపే దారి లేదు. ఆ మరుసటి ఏడాది హాంప్డెన్ కూడా 50 లక్షల పౌండ్లకు స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం పరమైంది. లాటిన్ నినాదం మాత్రం చిహ్నం మీద అలాగే ఉంది.

2025 ఫిబ్రవరి 9న స్కాటిష్ కప్‌లో క్వీన్స్ పార్క్ ఐబ్రాక్స్‌కు వెళ్లి రేంజర్స్‌ను 1-0తో ఓడించింది. ఇప్పుడు వాళ్లందరూ జీతం తీసుకునే ఆటగాళ్లే. ఆట ముగిసే ఘడియల్లో రేంజర్స్‌కు పెనాల్టీ దొరికింది. దాన్ని ఆపింది గోల్‌కీపర్ కేలమ్ ఫెర్రీ.